బోలు లేని పేర్పు

టేపుల గది, మూడో అంతస్తు
ఫిబ్రవరి 3

అక్కా,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ పాల కేంద్రానికి వేస్తున్నాను. ఫోన్ చేస్తే నాన్న నీ భుజం మీద నుంచి "ఎవరూ, వాడేనా? ఏమంటున్నాడు?" అని అడుగుతూనే ఉంటాడు. కొన్ని మాటలు అలా కుదరవు.

ఇక్కడ టీవీ ఆఫీసులో పని నెత్తి మీదికొచ్చింది. "గాజు గది" ఆటను మళ్ళీ మొదలుపెడుతున్నారు. ఆగిపోయి పద్నాలుగేళ్ళయినా దాని పిచ్చివాళ్ళు తగ్గలేదు. మా వాళ్ళు "మీ జ్ఞాపకాలు రాసి పంపండి" అని టీవీలో వేశారు. అంతే, రోజుకో సంచీ ఉత్తరాలు. వాటిని చించి, చదివి, వాళ్ళు చెప్పింది పాత టేపులో ఉందో లేదో చూడటం నా పని. ఒక్కటీ కలవదు. ఆట నడిపే ఆయన కోటు నీలం అని నలభై మంది రాశారు. టేపులో గోధుమరంగు. ఒక దర్జీ మాత్రం కోటు రంగు వదిలేసి, మూడో గుండీ వేరే రకమని రాశాడు. చూస్తే నిజమే.

ఒకాయనయితే మొదటి నుంచి చివరి దాకా ప్రతి ఆటా నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఆడినవాళ్ళు, గెలిచినవాళ్ళు, అన్నీ. మేం ఆయన్ని పుస్తకాలాయన అంటాం. ఆయనకు ఒక్కటే బెంగ. అసలు ఆట మొదలవక ముందు, ఎలా ఉంటుందో చూసుకోవడానికి ఒక ఆట తీశారు. దాన్ని ఎప్పుడూ ప్రసారం చెయ్యలేదు. పిచ్చివాళ్ళంతా దాన్ని సున్నా నంబరు అంటారు. దాని కోసం వారానికి రెండు ఉత్తరాలు రాస్తాడు.

సరే, నీకో ప్రశ్న. నేను చంటివాడిగా ఉన్నప్పుడు నువ్వూ నాన్నా కలిసి ఎక్కడికైనా వెళ్ళారా? రెండు రోజులు?

బావకి చెప్పు, ఆయన వెల్డింగ్ చేసిన కుర్చీ ఇంకా కుంటుతూనే ఉంది.

నీ తమ్ముడు


పాల కేంద్రం, వెనక గది
ఫిబ్రవరి 11

ఒరేయ్,

కుర్చీ సంగతి మీ బావకి చెప్పాను. నేల కుంటిదై ఉంటుంది, కుర్చీ కాదు అన్నాడు.

మేం బాగానే ఉన్నాం. నాన్నకి నడుం నొప్పి అలాగే ఉంది. పొద్దున్నే కాస్త వంగి నడుస్తాడు, ఎండ ఎక్కితే సర్దుకుంటాడు. ఆ ఆట పాత ఎపిసోడ్లు ఇప్పుడు మళ్ళీ వేస్తున్నారుగా, అన్నీ చూస్తున్నాడు. ఓడారని ఎర్రదీపం వెలిగే ముందు మాత్రం లేచి మంచినీళ్ళకి పోతాడు.

ఇక్కడ కొత్త మిషను వచ్చింది. పాలు పోస్తే చాలు, వెన్న శాతం అదే చూపిస్తుంది. అయినా నేను ప్రతి నమూనా రెండుసార్లు పెడతాను. వరసలో వాళ్ళు విసుక్కుంటారు. నా వెనకాల నన్ను రెండుసార్లమ్మ అంటారని తెలుసు. ఎదుట అనేవాళ్ళూ ఉన్నారు.

నువ్వు అడిగింది గుర్తుంది. నా కళ్ళు చూపించడానికి నాన్న తీసుకెళ్ళాడు. అంతే. ఎందుకు అడిగావు?

అక్క


టేపుల గది
ఫిబ్రవరి 20

అక్కా,

నీకు కళ్ళద్దాలు ఎప్పుడూ లేవు. ఇప్పటికీ గుమ్మంలో నించుని వీధి చివర బస్సు నంబరు చదువుతావు.

సున్నా నంబరు టేపు దొరికింది. బీరువా వెనక, గోడకీ దానికీ మధ్య ఇరుక్కుపోయి ఉంది. డబ్బా మీద తేదీ తప్ప ఏమీ లేదు. మిషన్లో పెట్టాను. గీతలు గీతలుగా వచ్చి, బొమ్మ నిలబడింది. పోటీ కుర్చీలో నాన్న. మీసం నల్లగా, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి. గాజు గదిలో నువ్వు. రెండు జడలు, ఎవరిదో పెద్ద గౌను, ఒళ్ళో పలక.

టేపు ఆపేసి మెట్ల మీద కూర్చున్నాను. పైనుంచి దిగుతున్న లైట్లాయన "ఏరా, కరెంటు కొట్టిందా?" అన్నాడు. కొట్టిందన్నాను.

నాన్న టీవీలో ఆడాడని అమ్మకి కూడా తెలియదు కదా. తెలిస్తే అమ్మ వీధంతా చెప్పేది. ఎందుకు దాచారు?

ఇంకో విషయం. పుస్తకాలాయన దీని గురించి ఎవరి దగ్గరో విని ఒక వరస రాసుకున్నాడు. మొదటి పేజీ, సున్నా అని వేసి: "పోటీదారు లారీ డ్రైవరు. తోడు కూతురు. పిల్ల తప్పు రాయడం వల్ల ఓటమి." ఆ మాటే వాళ్ళందరి దగ్గరా తిరుగుతోంది. కొత్త ఆట మొదటి రోజున ఈ టేపు చూపించాలని మా పెద్దలు సంబరపడుతున్నారు. దానికి మీ ఇద్దరి సంతకాలూ కావాలి.

తమ్ముడు


పాల కేంద్రం
మార్చి 2

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. లాక్టోమీటర్ల పెట్టె అడుగున పెట్టాను. ఇవాళ తీసి మళ్ళీ చదివాను.

పుస్తకాలాయన రాసుకున్నది నిజమే. ఓడింది నా వల్లే.

నీకు ఎనిమిదో నెల. నాన్న అప్పుడు ఇటుకల లోడు తోలేవాడు. లోడు ఎక్కాక లెక్క చూడటానికి సెలవుల్లో నన్ను వెంట తీసుకుపోయేవాడు. పొడవు వరస, అడ్డం వరస, ఎత్తు, మూడూ హెచ్చవెయ్యాలి. తర్వాత బోలు తియ్యాలి. లోడు ఎక్కించేవాళ్ళు చుట్టూ గోడలా పేర్చి మధ్యలో ఖాళీ వదిలేసేవాళ్ళు. బయటికి నిండుగా కనపడేది. దాన్నే బోలు అంటారు. నాన్న ఇనపచువ్వ దించి చూసి, బోలు ఎంతో చెప్పేవాడు. నేను తీసేసి లెక్క చెప్పేదాన్ని. "మా అమ్మాయి నోరే నా తూకం" అనేవాడు.

అందుకే ఆటకి నన్ను తోడు తీసుకెళ్ళాడు. చివరి ప్రశ్నకి ఒక చెక్క దిమ్మల పేర్పు పెట్టారు. ఇందులో దిమ్మలెన్ని? చుట్టూ తిరిగి చూడకూడదు, ముట్టుకోకూడదు. గాజు గదిలో నాకు ప్రశ్న ఒక్కటే వినిపిస్తుంది, తర్వాత చెవులకి ఏమీ రాదు. పలక మీద రాసి ఎత్తి చూపించాను. దాన్ని చూసి బయట కుర్చీలో ఉన్నవాళ్ళు జవాబు చెప్పాలి. బయట నాన్న నవ్వుతూ ఏదో చెప్పాడు. ఆట నడిపే ఆయన కూడా ఏదో అన్నాడు. ఎర్రదీపం వెలిగింది.

తిరుగు బస్సులో నాన్న ఐస్‌క్రీము కొనిచ్చాడు. "బోలు తియ్యడం మర్చిపోయావు తల్లీ" అన్నాడు. "ఏం కాదులే. నీకూ నాకూ తప్ప మూడో మనిషికి తెలియక్కర్లేదు. మీ అమ్మకి అసలొద్దు, బండి పోయిందని ఏడుస్తుంది." బహుమతి ఒక వ్యాను. కొత్తది, పచ్చరంగు. నేను తినలేదు. కరిగి మోచేతి దాకా కారింది.

నాన్న ఇంకో ఇరవై ఏళ్ళు పరాయి బండి తోలాడు. నడుం పట్టేసి ఇంటికి వచ్చినప్పుడల్లా, ఆ బోలు తీసి ఉంటే అనుకునేదాన్ని. అప్పటి నుంచి నాకు ఏ లెక్క వచ్చినా సరే, ఇందులో ఏదో తియ్యాలి, నాకు కనపడటం లేదు అనిపిస్తుంది. పదో తరగతి లెక్కల పరీక్షలో అన్నీ చేశాను. తర్వాత ఒక్కొక్కటీ కొట్టేసి మార్చాను. మొదట చేసినవే సరైనవని మాస్టారు తర్వాత చెప్పారు. ఆయన తిట్టిన తిట్టు ఇంకా చెవిలో ఉంది. మళ్ళీ కట్టమన్నారు, కట్టలేదు.

అమ్మ పోయాక నాన్నని నా దగ్గరే ఉంచుకుంటానని ఎందుకు పట్టుబట్టాననుకున్నావు? ప్రేమ అనుకుని ఉంటావు. అదీ ఉందిలే.

ఆ టేపు చెరిపెయ్యి. చెరపడం కుదరకపోతే మళ్ళీ బీరువా వెనకే పడెయ్యి. నా సంతకం మాత్రం అడగకు.

అక్క


ఎడిటింగు గది
మార్చి 9

అక్కా,

దీన్ని చదివే ముందు కూర్చో. వరస ఉంటే పంపించేశాక చదువు.

నీ ఉత్తరం రాక ముందు నేను టేపు చివర చూడలేదు. నీ గౌను చూసి ఆపేసినవాణ్ణి. నిన్న చూశాను. నాలుగుసార్లు చూశాను. తలుపు మూసి, ఇంకో రెండుసార్లు.

నువ్వు పలక ఎత్తావు. 576. అంకెలు పెద్దవిగా, అచ్చు కొట్టినంత స్పష్టంగా. పక్కనే నీ లెక్క కూడా ఉంది, పన్నెండు, ఎనిమిది, ఆరు. నాన్న పలక చూశాడు. నవ్వాడు. మాటకి మాట రాస్తున్నాను:

"చిన్నపిల్ల కదండీ, నిండు లెక్క వేసేసింది. మధ్యలో బోలు ఉంటుందండీ. మాకు తెలీదా? రోజూ చూసే పనేగా. ఐదువందలు."

"మీ అమ్మాయి మాట తీసుకోరా? ఇంకోసారి ఆలోచించుకోండి."

"ఐదువందలే వేసుకోండి సార్."

పేర్పు విప్పారు. అది నిండుగా ఉంది అక్కా. లోపలి దాకా దిమ్మలే. ఆట నడిపే ఆయన కాగితం చూసి "ఐదువందల డెబ్భై ఆరు. బోలు లేదండీ, ఇది ఇటుకల లోడు కాదు" అన్నాడు. జనం నవ్వారు. ఎర్రదీపం. నువ్వు గాజు వెనక పలక కిందికి దించి నాన్న వంక చూస్తున్నావు. నాన్న నీ వంక చూడటం లేదు.

నువ్వు రాసింది సరైనది. ఇరవై తొమ్మిదేళ్ళ నుంచీ సరైనదే.

ఇంకోటి దాచాను, చెప్పేస్తాను. నా మొదటి ఉత్తరానికి ముందే నాకు ఇందులో కొంత తెలుసు. జనవరి చివర్లో ప్రేక్షకుల సంచీలో ఒక కవరు వచ్చింది. దస్తూరీ చూడగానే గుర్తుపట్టాను. నాన్నది. తన పేరుతోనే, మా ఆఫీసుకి. నమ్మలేకపోయాను. మతి తప్పి రాశాడేమో అనుకున్నాను. నీ నోటితో వినాలని ముందు నిన్ను అడిగాను, టేపు కోసం బీరువాలన్నీ జరిపించాను. ఆ కాగితం దీంతో పెడుతున్నాను.

తమ్ముడు

(జత చేసిన కాగితం)

అయ్యా,

మీ ఆట మళ్ళీ వస్తోందని టీవీలో చూశాను. నేను లారీ డ్రైవరుగా చేసి మానేసినవాణ్ణి. మీ మొట్టమొదటి ఆట, మీరు టీవీలో వెయ్యనిది, అది ఆడింది నేనే. మా అమ్మాయి సరిగా రాసింది. తప్పు చెప్పింది నేను. తప్పు నీదే అని దానికి చెప్పాను. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. నా వంక చూసి నవ్వుతూ బయటికొచ్చింది, గెలిచామేమోనని. మా అమ్మాయికి నేనంటే మహా గొప్ప. ఆ మొహం మీద చెప్పలేకపోయాను. బస్సెక్కాక నోటికి ఎదురుగా వచ్చిన మాట అదే. తర్వాత దిద్దుదామనుకున్నాను. తర్వాత అనేది మా బండ్లలో స్పేరు టైరు లాంటిది, ఉందన్న ధైర్యమే గాని


పాల కేంద్రం
మార్చి 13

తమ్ముడూ,

చదివాను.

పొద్దున ఎనభై మూడు మంది వచ్చారు. అందరికీ ఒక్కసారే పెట్టాను. మిషను సరిగానే చెప్తోంది. వరస తొందరగా అయిపోయింది. ఒకావిడ కదలకుండా నించుని "ఏమ్మా, రెండోసారి పెట్టవా? ఒంట్లో బాగాలేదా?" అంది.

ఇంటికెళ్ళి నాన్నకి అన్నం పెట్టాను. ఆయన తింటుంటే చేతులు చూస్తూ కూర్చున్నాను. ఏమీ అడగలేదు.

కాగితం మధ్యలో ఆగిపోయింది. పై మూల ఒకటి అని నంబరు ఉంది. లారీ ట్రిప్పు షీట్లు రాసినన్నాళ్ళూ నాన్న రెండో కాగితం ఉంటేనే ఒకటి అని వేసేవాడు. రెండోది పంపు.

అక్క


టేపుల గది
మార్చి 18

అక్కా,

నీ కళ్ళకి అద్దాలు అక్కర్లేదని నేనే రాశాను, నాకే చుట్టుకుంది. పంపకూడదనుకున్నాను. మొదటిదే ఎక్కువ అనుకున్నాను. ఇది చదివాక ఆయన కంచంలో అన్నం పెట్టగలవా అని భయపడ్డాను. నీది నీకు పంపకుండా దాచడానికి నేనెవరిని. దాచే పని మన ఇంట్లో ఇప్పటికే ఒకరు చేశారు.

తమ్ముడు

(జత చేసిన కాగితం)

వాడం.

ఇంకో సంగతి ఉంది. ఆట మొదలవక ముందు భోజనాలకి వదిలారు. నేను బహుమతి వ్యాను దగ్గరికి పోయి బోనెట్టు ఎత్తి చూశాను. డ్రైవరు చెయ్యి ఊరుకోదు. లోపల ఇంజను లేదు. ఒట్టి డొల్ల. ముందు టైర్లు అరిగిపోయి, పైన నల్లరంగు వేసి ఉన్నాయి. మీ మనిషి ఒకాయన పరిగెత్తుకొచ్చి, ఇది ఉత్తుత్తి ఆట అన్నా, గెలిచినా ఏమీ ఇవ్వరు, మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంది అన్నాడు. నేను చదవకుండా పెట్టాను.

కాబట్టి బండి లేదని నాకు ముందే తెలుసు. మా అమ్మాయికి తెలీదు. బండి పోయిందనే అది ఇన్నాళ్ళూ అనుకుంటోంది. నేనూ అనుకోనిచ్చాను. బండి లేదని చెప్తే, మరి నన్నెందుకు తప్పన్నావు అంటుంది కదా.

ఆ టేపు ఉందో చెరిపేశారో తెలియజెయ్యగలరు. ఉంటే చెరపకండి.

ఇట్లు


ఇంటి నుంచి
ఏప్రిల్ 6

తమ్ముడూ,

ఇన్నాళ్ళూ రాయనందుకు కోపం తెచ్చుకోకు. ఇంజను లేదన్న మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. టేపు విషయం కంటే అదే ఎక్కువ తగిలింది. లేని బండి కోసం నేను ఎన్ని కొట్టేశానో చూసుకుంటూ కూర్చున్నాను. పాలు కొలిచాను, వంట చేశాను, మందులిచ్చాను. మనిషిని మాత్రం ఎక్కడో ఉన్నాను. మీ బావ మూడు రోజులు చూసి, "మీ తమ్ముడు ఏం రాశాడో గాని, ఉప్పు రెండుసార్లు వేస్తున్నావు" అన్నాడు. అప్పుడు కాగితాలు ఆయన ముందు పెట్టాను. చదివి, లేచి, షెడ్డులోకి పోయాడు. చాలాసేపు దేన్నో సుత్తితో కొడుతూనే ఉన్నాడు.

నిన్న మధ్యాహ్నం నాన్న టీవీ చూస్తున్నాడు. ఎవరో పలక ఎత్తారు. ఎర్రదీపానికి ముందు లేవబోతుంటే నేను గుమ్మానికి అడ్డంగా నించున్నాను.

"ఐదువందల డెబ్భై ఆరు" అన్నాను.

రిమోటు కింద పెట్టేశాడు. "చదివాడా వాడు?" అన్నాడు.

నాకు మళ్ళీ మతి పోయింది. "వాడే చదువుతాడని తెలిసే రాశావా?"

"ఉత్తరాలన్నీ వాడే చించుతాడని వాడే చెప్పాడుగా ఫోన్లో."

"నేను పక్క గదిలోనే ఉన్నాను కదా నాన్నా. ఎన్ని ఊళ్ళకైనా అడ్డదారి చెప్తావు, పక్క గదికి ఇంత చుట్టుదారా?"

"నీ ఎదురుగా వస్తే నోరు పడిపోయేది. పొద్దున్నే చెప్దామని లేస్తే, నువ్వు వేణ్ణీళ్ళు పెట్టి నడుం తోమేదానివి. ఇంకేం చెప్తాను?"

"బండిలో ఇంజను లేదు."

"లేదు."

"అమ్మకి కూడా చెప్పలేదా?"

"మీ అమ్మకి చెప్తే నీకు చెప్పినట్టే కదే."

ఏడుస్తాడేమో అనుకున్నాను. ఏడవలేదు. నేనూ ఏడవలేదు. "నన్ను పంపించెయ్యి, వాడి దగ్గరికి పోతాను" అన్నాడు. "అది నువ్వు చెప్పేది కాదు, నేను చెప్పేది" అన్నాను. ఇన్నేళ్ళలో ఆయనకి ఎదురు మాట చెప్పడం అదే మొదలు. పొద్దున మాత్రం నడుం తోమలేదు. వేణ్ణీళ్ళు మీ బావ పెట్టాడు. తోముతానని చెయ్యి వేస్తూ, వెల్డింగు చేతులయ్యా నావి, జాగ్రత్త అన్నాడట.

క్షమించానా అని నన్ను అడగకు. నాకు తెలీదు. కోపం వచ్చినప్పుడు వస్తోంది, అన్నం టైముకి అన్నం పెడుతున్నాను.

లెక్కల పరీక్షకి మళ్ళీ కట్టాను. నవ్వకు. దరఖాస్తు తీసుకున్న గుమాస్తా "మీ పిల్లకా అమ్మా?" అని అడిగాడు. నాకే అన్నాను.

ఇక సంతకాల సంగతి. టేపు వేసుకోమను. నాది పెట్టాను, నాన్న చేత పెట్టించాను. పెట్టే ముందు ఈసారి కాగితం మొత్తం పైకి చదివించాను. పుస్తకాలాయనతో మొదటి పేజీలో ఆ వరస కొట్టెయ్యమని చెప్పు. కొట్టేసి పక్కన అంకె వెయ్యమను.

మమ్మల్నిద్దరినీ మొదటి రోజు ఆటకి పిలుస్తున్నారని, సంతకాల కోసం మీ ఆఫీసు పంపిన కవరులో ఇంకో కాగితం ఉంది. వస్తాం. అయితే ఒక షరతు, మీ పెద్దలకి ముందే చెప్పు. పోటీ కుర్చీలో నేను కూర్చుంటాను. గాజు గదిలో నాన్న. పలక ఆయన చేతికివ్వండి. బయట ఏం మాట్లాడుకున్నామో ఆయనకి వినపడకూడదు, దీపం ఒక్కటే కనపడాలి.

భయపడకు. ఆయన ఏం రాస్తే అదే చదువుతాను.

అక్క